అచ్చు తీసిన దవడ

“నోరు తెరుచుకోకపోతే ఏమైందే సుమార్నీ, చేతులు బాగానే ఆడుతున్నాయిగా” అంది మా అత్త. నేను రోట్లో సంబల్ నూరుతున్నాను. ఆ కారం నా నాలుకకు తగిలి రెండేళ్ళు. పళ్ళ మధ్య చెంచా దూరదు. ఇంటిల్లిపాదికీ వండి, నేను గొట్టంతో గంజి పీలుస్తాను. నా మొగుడు పోనిమాన్‌కి ఇన్నాళ్ళూ అదొక వేడుక. “మా ఇంట్లో రేడియో ఆగిపోయింది” అని మాంసపు ఉండల బండి దగ్గర అందరినీ నవ్వించేవాడు. ఆ బండి నడిపేది నేను. నా మాట అర్థంకాక గిరాకీలు పక్క బండికి పోవడం మొదలయ్యాకే నన్ను సెమరాంగ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ స్కాన్ తీశారు. దాన్నిబట్టి యంత్రంలో నా దవడను ప్లాస్టిక్‌తో అచ్చు తీశారు. చదువుకునే డాక్టర్లు నన్ను కోసేముందు దాన్ని కోసి సాధన చేస్తారట. మా ఇద్దరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టారు. చెవి ముందు కీలు ఎముకలో కలిసి ముద్దయిపోయి ఉంది. దాని మీద సన్నటి రంపం ఆడింది. తెల్లటి పొడి రాలింది. బొమ్మ నోరు తెరిచింది. నాకూ అలా తెరుచుకుంటే మొదట ఏం చెయ్యాలి? ఆవలించాలి. అరటిపండు కొరకాలి. తర్వాత అరవాలి.

వెనింగ్ అనే చిన్న డాక్టరమ్మ బొమ్మను తిప్పి చూసింది. “సార్, స్నానాల గదిలో జారిపడిందని చెప్పారు. అలా పడితే గడ్డం చీలుతుంది. ఈమె గడ్డం మీద గీత కూడా లేదు. పక్కనుంచి ఎవరో కొట్టినట్టుంది.”

అందరూ పోనిమాన్ వైపు చూశారు. అతను చెప్పులు చూసుకున్నాడు.

“ఎలా విరిగిందో మనకెందుకమ్మా? ఎలా తెరవాలో చూడు” అన్నాడు వాళ్ళ ప్రొఫెసర్. ఆమె బొమ్మను బల్ల మీద పెట్టేసింది.

ప్రొఫెసర్ మా వైపు తిరిగాడు. “ఆపరేషన్‌తో అయిపోదు. నెలల తరబడి రోజూ నోరు బలవంతంగా సాగదీయాలి. వదిలేస్తే మళ్ళీ అతుక్కుంటుంది. ఇంట్లో ఎవరు చేస్తారు?”

“నేనే చేసుకుంటాను” అన్నాను పళ్ళ మధ్య నుంచి.

“దీని మాట నమ్మకండి డాక్టర్ గారూ, నొప్పంటే పారిపోయే రకం. నేను చూసుకుంటా. నా చెయ్యి గట్టిదే” అన్నాడు పోనిమాన్. కుర్ర డాక్టర్లు నవ్వారు.

“అదృష్టవంతురాలివమ్మా” అన్నాడు ప్రొఫెసర్.

ఆ చెయ్యి. రోజూ నా నోట్లో. డాక్టర్ చెప్పాడన్న హక్కుతో. ఏ హక్కూ లేనప్పుడే విరిచింది.

“వద్దు” అన్నాను. ఈసారి అందరికీ అర్థమైంది. “ఇలాగే ఉండనివ్వండి.”

ప్రొఫెసర్ నిట్టూర్చి కుర్రవాళ్ళతో అన్నాడు: “కేసు పోయింది. సరే, సాధనకి ఈమె దవడవి ఇంకో ఆరు అచ్చులు తీయండి.”