తలుపులేసి చేసిన లగ్గం

కరెంటు పోతే సిరిసిల్లలో చెవులు నొప్పి పెడతాయి.

మరమగ్గాలను మేం సాంచాలంటాం. పొద్దంతా సాంచాల మోతలో ఉండేవాడికి ఆ నిశ్శబ్దం మంచిది కాదు. రేకుల మీద పావురం నడిచినా వినబడుతుంది. మానేరు మీదుగా వచ్చే గాలి వినబడుతుంది. లోపల దాచుకున్నది కూడా వినబడుతుంది.

అలా కరెంటు పోయిన వేళ నా జేబులో ఫోను టింగుమంది.

కెనడా నుంచి మెయిల్. స్వర్ణలత నుంచి కాదు... కెనడా సర్కారు నుంచి.

స్వర్ణలత నా భార్య. అక్కడ ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే పని చేస్తుంది. అక్కడే ఉండిపోయే హక్కు, అదే పీఆర్, ఆమెకు ఎప్పుడో వచ్చింది. నన్ను తీసుకుపోవడానికి ఆమే స్పాన్సర్. దరఖాస్తు పెట్టి ఏడాదిన్నర. నా వయసు నలభై మూడు. పెళ్లయి మూడేళ్లు. కలిసి ఉన్నది, రెండు సెలవులూ కలిపితే, యాభై ఒక్క రోజులు.

సాంచాల దగ్గర నన్ను ఆటపట్టిస్తారు. "అందరు పెండ్లాలను తోలుకపోతరు. రాజ్‌కుమార్‌ను పెండ్లామే తోలుకపోతది." నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఇంకా అంటారు.

ఆ మెయిల్‌ను ఫోనే తెలుగులోకి మార్చి చూపించింది. వంకరటింకర తెలుగు. అయినా అర్థమైంది.

మీ వివాహం నిజమైనదని మాకు నమ్మకం కలగలేదు. పెళ్లి నాటివని మీరు పంపిన ఫోటోల్లో, మీరు పుస్తె కడుతుండగానే, వధువు కాళ్లకు మట్టెలు ఉన్నాయి. ముప్పై రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి.

మట్టెలు. పుస్తె కట్టాక పెట్టేవి.

కరెంటు వచ్చింది. సాంచాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. నా సాంచా మాత్రం నేను నడపలేదు.

ఆ ఫోటోలు దొంగవి. మా పెళ్లి దొంగది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం. ఎవరికి చెప్పుకోవాలి?

చెప్పుకుంటే ముందు లింగవ్వ గురించి చెప్పాలి.

లింగవ్వది కోరుట్ల. బీడీలు చుడుతుంది. స్వర్ణకు ఆమె మొదటి అత్త. లింగవ్వ కొడుకు భూమేష్ ముంబై పక్కన భీవండికి సాంచాల పనికి పోయి, అక్కడే గుండె ఆగి పోయాడు. పదో దినం నాడు స్వర్ణ కాళ్ల మట్టెలు తీసింది లింగవ్వే. తన చేతులతోనే. ఆ తర్వాత రెండేళ్లు అత్తాకోడళ్లు ఒకే చాటలో బీడీ ఆకు కత్తిరించుకుంటూ బతికారు. తర్వాత, "గీడ కూసుంటే నువ్వు నాలెక్కనే అయితవు, పో బిడ్డా" అని ముందు ఇజ్రాయెల్‌కు పంపింది. అక్కడి నుంచి స్వర్ణ కెనడాకు పోయింది.

నన్ను చూసింది కూడా లింగవ్వే. మా అక్క లస్మవ్వ ఇల్లు వాళ్ల పక్కనే. సాంచాల మీద పనిచేసేవాడికి పిల్లనెవరిస్తారు? నలభై వచ్చేదాకా ఎవరూ ఇవ్వలేదు. లింగవ్వ ఇచ్చింది.

మా దగ్గర మారుమనువుకు పందిరి లేదు. బాజా లేదు. తలంబ్రాలు లేవు. విధవకు మళ్లీ లగ్గం చేస్తే చాటుగా చేస్తారు. అదీ చనిపోయినవాడి తల్లే చేస్తే... వాడకట్టు ఊరుకోదు.

అందుకే ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం. వీధంతా పడుకున్న వేళ. తలుపులేసి, కిటికీకి చద్దరు కట్టి... లోపల మేమిద్దరం, లింగవ్వ, మా అక్క, గొంతు తగ్గించి మంత్రాలు చదివిన అయ్యగారు. ఫ్యాను తిరుగుతున్నా చెమట కళ్లలోకి కారుతోంది. నేను పుస్తె కట్టాను. లింగవ్వ కింద కూర్చుని స్వర్ణ కాళ్లకు మట్టెలు పెట్టింది. ఆమె వేళ్లకు తునికాకు వాసన. ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే బయటికి వినబడుతుంది.

ఫోను నా జేబులోనే ఉంది. తీయబోతే లింగవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఫోటో వద్దు. వాడకట్టోళ్లు చూస్తే నా మొకం మీద ఊంచుతరు."

వద్దంటే వద్దు. పది రోజులకు ఆఫీసుకు పోయి రిజిస్టర్ చేయించుకున్నాం. ఆ కాగితం చాలనుకున్నాం.

చాలదన్నాడు జగిత్యాలలో వీసా ఫారాలు నింపేవాడు. పేరు ఎందుకులే. ఏసీ గది, గోడ మీద మంచుకొండల బొమ్మ, ఎదుటివాడి మొహం చూడకుండా మాట్లాడే అలవాటు. "లగ్గం ఫోటోలు ఇరవై కావాలె. ఫోటోలు లేకుంటే లగ్గమే కాలేదంటరు వాళ్లు."

మరుసటి ఎండాకాలం స్వర్ణ సెలవు మీద వచ్చింది. జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలు, సగం పూట. కిరాయి షేర్వాణీ. కిరాయి పూలమండపం. అక్షింతలు చల్లడానికి హాలు ఊడ్చేవాళ్లు. ఫోటో తీసే అబ్బాయి "నవ్వున్రి, నవ్వున్రి" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. చేసుకున్న పెళ్లాన్ని మళ్లీ చేసుకుంటున్నట్టు నటించడం... సిగ్గనిపించింది. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు.

ఆ రోజు స్వర్ణ ఒక్కటే మాట అంది. పుస్తెలు రవికెలో దాచుకుంటుందట. మట్టెలు మాత్రం తీయదట.

"ఒక్కపారి తీసిన్రు. అప్పుడు నన్నెవ్వలు అడగలే. ఇప్పుడు అడుగుతున్నరు గాబట్టి చెప్తున్న. తియ్య."

చీర కింద ఎవరికి కనబడతాయిలే అనుకున్నాను. ఫోటోల వెనక తారీఖు నేనే వేశాను. తలుపులేసి చేసుకున్న రోజు తారీఖు. నా చేత్తో, నీలం పెన్నుతో, ఇరవై సార్లు.

ముప్పై రోజుల్లో ఎనిమిది పోయాయి.

జగిత్యాలకు పోయాను. ఫారాలు నింపేవాడు మెయిల్ చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంతేనా? మా కులంల నిశ్చితార్థం నాడే మట్టెలు పెడ్తరని రాయి. ఆడ ఎవనికెరుక?"

"నిజం రాస్తే?"

"దొంగ ఫోటోలు పెట్టినమని నువ్వే ఒప్పుకున్నట్టు. ఐదేండ్లు మళ్ల దరఖాస్తు పెట్టనియ్యరు. నీ ఇష్టం."

ఐదేళ్లు. అప్పటికి నాకు నలభై ఎనిమిది. స్వర్ణకు నలభై ఆరు. పిల్లల ఊసు ఇద్దరం ఎత్తం గానీ, ఇద్దరికీ లెక్క తెలుసు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మక్కజొన్న చేన్లు ఎండకు గలగలమంటున్నాయి. దారి పొడవునా అదే గలగల. దిగేసరికి నేను మనసులో అబద్ధం మొత్తం రాసేశాను.

ఇంటికి పోయి కాగితం మీద కూడా రాశాను. అవును, రాశాను. నేనేం సత్యవంతుణ్ణి కాను. నాకు నా భార్య దగ్గరికి పోవాలి, అంతే.

సాయంత్రం స్వర్ణ వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున. పనికి పోయే బస్సు కోసం మంచులో నిలబడి ఉంది. ఆమె ఊపిరి తెర మీద తెల్లగా లేస్తోంది. నేను రాసింది చదివాను. ఆమె తల వంచి తన బూట్ల వైపు చూసుకుంది.

"గవి నాకు అవ్వ పెట్టింది."

"ఎరుకే."

"నిశ్చితార్థం నాడు పెట్టిన్రని ఎట్ల రాస్తవు? అవ్వ మల్ల తలుపెనక్కే పోవాల్నా?"

"ఐదేండ్లు, స్వర్ణా."

"ఐదేండ్లు."

బస్సు వచ్చింది. ఎక్కింది. ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు. బస్సు చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆమె ఏడుస్తోందో, జలుబో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

పద్దెనిమిదో రోజు ఆ కాగితం చించేశాను. చించి కోరుట్ల బస్సెక్కాను.

లింగవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. నేను చెప్పినదంతా తల ఎత్తకుండా వింది. ఆకు చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. కట్ట పూర్తి చేసి పక్కన పెట్టింది. నా పేరు ఆమె ఎప్పుడూ పిలవదు. ఏ వరసా పెట్టి పిలవదు. మూడేళ్లుగా అంతే.

"నేనేం జెయ్యాలె?"

"నోటరీ దగ్గర చెప్పాలె అవ్వా. లగ్గం నీ ముంగటనే అయిందని. ఎట్లయిందో అట్లనే."

"అందరి ముంగటనా?"

"అందరి ముంగటనే."

ఆమె చాట పక్కకు పెట్టింది. ఒళ్లో పడ్డ పొగాకు దులుపుకుంది. లోపలికి పోయింది. రాదనుకున్నాను. ముసలితనంలో ఇంత బరువు ఆమె మీద వేయడం తప్పని, లేచి పోదామని చెప్పుల కోసం చూస్తున్నాను. ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చింది.

నోటరీ కూర్చునేది కోర్టు గోడ పక్కన రేకుల కింద. మా ఖర్మ, ఆ రోజే బీడీ పింఛన్ల కాగితాలకు జనం. సగం మంది లింగవ్వ వాడకట్టు ఆడవాళ్లే. "ఏందే లింగవ్వా, నువ్వు గూడ పింఛనుకేనా?" అని జరిగి చోటిచ్చారు. ఆమె కూర్చోలేదు.

నోటరీ కళ్లజోడు సర్దుకుని నావైపు చెయ్యి చూపించాడు.

"ఈయన నీకేమైతడు అవ్వా?"

గాలికి రేకు ఒకటి టపటపమంది. ఆడవాళ్లంతా ఇటే చూస్తున్నారు. లింగవ్వ మెడ మీద నరం కదలడం నాకు కనబడింది. ఆపేద్దామనుకున్నాను.

"నా కోడలి మొగడు."

"అంటే నీ కొడుకే గద."

"నా కొడుకు సచ్చిపోయిండు." గొంతు పెంచింది. వెనకవాళ్లకూ వినబడేటట్టు. "వాడు పోయినంక నా కోడలికి నేనే లగ్గం జేసిన. గీయనకే ఇచ్చి జేసిన. తలుపులేసుకొని జేసిన, మీకందరికి భయపడి, బుగులు పడి. మట్టెలు నేనే తీసిన. మల్ల నేనే పెట్టిన. గట్లనే రాయి."

నోటరీ పెన్ను కదిలింది.

బయటికొస్తుంటే ఒక్క మనిషీ ఆమెను పలకరించలేదు. ఆమె కొంగు సర్దుకుని నా ముందు నడిచింది.

ఆ కాగితం పంపాం. ఫోటోలు తర్వాత తీసినవని, తారీఖు నేనే తప్పు వేశానని, అదీ రాసి పంపాం. గడువుకు ఇంకా మూడు రోజులుండగా.

ఇప్పటికి పదకొండు వారాలు. జవాబు లేదు. కరుణిస్తారో, ఐదేళ్లు తోసేస్తారో తెలియదు. ఫోను టింగుమంటే ఉన్న పని వదిలి చూస్తాను. చాలాసార్లు అది ఏదో ప్రకటన. స్వర్ణ అడగడం మానేసింది. నా మొహం చూసి తెలుసుకుంటుంది.

కోరుట్లలో లింగవ్వ సొంత తమ్ముడి మనవరాలి పెళ్లయింది. బొట్టు పెట్టి పిలవడానికి వచ్చినవాళ్లు ఆమె ఇల్లు వదిలేసి పక్కింటికి పోయారట. మా అక్క చెప్పింది. లింగవ్వ చెప్పలేదు.

ఆమె మాత్రం రోజూ ఫోన్ చేస్తుంది. అంతకుముందు ఎన్నడూ చేయలేదు. సాంచాల మోతలో వినబడక బయటికి పరుగెత్తి ఎత్తుతాను.

"అచ్చిందా?"

"రాలే అవ్వా."

"అస్తది," అంటుంది. "నేను అందరి ముంగట చెప్పిన గద."