తెర మీది యంత్రం

చపాతీ పిండి కలుపుతుంటే సహన కళ్లలో కార్ఖానా కంప్యూటర్ తెర మీది యంత్రమే తిరుగుతోంది. నీలంగా, చప్పుడు లేకుండా, ఒక్క నూనె మరకైనా లేకుండా, నీళ్లడుగున తిరుగుతున్నట్టు నెమ్మదిగా. "కుర్చీలో కూర్చునేదానికే కదా పోయేది, ఏమిటికి ఇంత అలుపు నీకు?" అన్నాడు మొగుడు మునీంద్ర. ఆ మాటా ఆ నీలంలోంచే, ఎక్కడో దూరంగా వినబడింది.

హూడి పారిశ్రామికవాడలో ఆమె పనిచేసే కార్ఖానాలో పంపుల చక్రాలు చేస్తారు. కొనేవాళ్లలో ఒకరికి ఐదు, ఇంకొకరికి ఎనిమిది. ఒకసారి చేసిన కొలత మళ్లీ రాదు. రెండేళ్ల కింద యజమాని అశోక్‌కుమార్ కోత యంత్రానికి కంప్యూటర్‌లో నకలు పెట్టించాడు. డిజిటల్ ట్విన్ అంటారు. ముందు అందులో కోసి చూస్తే తప్పు అక్కడే తేలిపోతుంది. కానీ సానపట్టిన కట్టర్ సన్నబడిందనీ, శబ్దం తేడాగా ఉందని ఆపరేటర్ ఆవులప్ప వేగం తగ్గించాడనీ దానికెవరు చెప్పాలి? సహనే చెప్పేది. ఆమె ఉద్యోగం సామాన్లు తెప్పించడం. అయినా రోజూ భోజనం వేళ డబ్బా మూసిపెట్టి, ఆవులప్ప పక్కన నిలబడి, అడిగి అడిగి అన్నీ ఆ నకలులోకి ఎక్కించేది. అది ఆమె పనని ఎవరూ అనలేదు. ఇంకెవరి పనో కూడా అనలేదు.

అత్త రత్నమ్మకు కంటి ఆపరేషనైంది. "ఆడమనిషి ఉండాలప్పా దగ్గర" అందామె కొడుకుతో. సహనే నాలుగు రోజులు సెలవు పెట్టింది. అత్త కంట్లో చుక్కల మందు వేసి కాసేపు కునుకు తీస్తే, మళ్లీ అదే నీలం. ఈసారి ఎవరూ పలకరించక, ఒంటరిగా తిరుగుతూ.

తిరిగొచ్చేసరికి ఎనిమిది చక్రాలకు ఎనిమిదీ కొలత తప్పి మూలన పడున్నాయి.

"కట్టర్ మార్చినావని చెప్పలేదా, ఆవులప్పన్నా?"

"నన్ను ఎవరడిగినారమ్మా?"

అశోక్‌కుమార్ ఆమెను గదిలోకి పిలిచాడు. "ఆదివారం వచ్చి కంప్యూటర్‌లో అంతా సరిచేసిపెట్టమ్మా."

సరే సార్ అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. గాజు తలుపు అవతల ఆవులప్ప పాడైన చక్రాలను ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. ఆమెకు ఉన్నట్టుండి ఒళ్లు తేలికైంది.

"ఆవులప్పన్న చెప్పేదానికి రోజూ అరగంట ఇవ్వండి సార్. ఎక్కించే పని నా పేరున రాయండి, సామాన్ల పనిలో సగం తీసేయండి. ఇంకొకరికి నేర్పిస్తాను. ఇవన్నీ కాగితం మీదికి వచ్చేదాకా నేను ఆ నకలును ముట్టను."

ఆయన నవ్వాడు. "ఇంట్లో మనుషుల మాదిరి ఉండాము కదమ్మా. ఇవన్నీ రాసుకోవాల్నా?"

"ఇంట్లో మాదిరి ఉండాది కాబట్టే సార్, రాసిమ్మంటా ఉండాను."