గిన్నె బోర్లిస్తే పెట్ట

స్టెల్లా పాలగిన్నె తోమి బండ మీద బోర్లించింది. కోడిని చంకలో పెట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డ ఎబినేజర్ అది చూసి, గొంతు సవరించుకుని, ముందు వరండాలోకి వెళ్ళిపోయాడు.

"పెట్టేనండీ శాలేమురాజు గారూ! నిక్షేపంగా గుడ్లు పెడుతుంది" అన్న మాట ఇల్లంతా వినబడింది.

ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే వరస. గిన్నె బోర్లిస్తే పెట్ట, వెల్లకిలా పెడితే పుంజు. రేపల్లెలో పెరట్లో నాలుగు నాటుకోళ్ళు పెంచుకునే ప్రతివాళ్ళకీ ఒకటే బెంగ. సంతలో అమ్మేవాడు అన్నీ పెట్టలే అని ఒట్టేసి మరీ పిల్లల్ని అంటగడతాడు. నెలల తరబడి గింజలు పోసి మేపాక, ఒక పొద్దున అందులో సగం గోడెక్కి కూస్తాయి. అందుకని కొన్న మర్నాడే కోడిని తెచ్చి ఎబినేజర్ గారికి చూపించడం ఊళ్ళో అలవాటైపోయింది. ఆయన మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు, చర్చిలో సంఘపెద్ద, మాటకి విలువున్న మనిషి. కోడిని అందుకుని, అటూ ఇటూ తిప్పి, "వెలుతుర్లో చూడాలండీ" అంటూ పెరట్లోకి తెస్తాడు. పెరట్లో వెలుతురంటే స్టెల్లాయే. ఆడది అంట్లు తోముకుంటుంటే ఏ గిన్నె ఎలా పెట్టిందో ఎవడు చూస్తాడు గనక!

మొదట్లో ఆమెకది సరదాగానే ఉండేది. మొగుడూ పెళ్ళాలకి మాత్రమే తెలిసిన ముచ్చట ఒకటుందని మురిసిపోయింది కూడా. మురిసిపోయిన సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. ఈ విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు. కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే గంప ఎత్తి, రెట్ట ఊడ్చి, నూకలు చల్లి, సాయంత్రం మళ్ళీ ఒక్కొక్కదాన్నీ పట్టి గంప కింద కమ్మి, చూసి చూసి తెలుసుకుంది. ఆ పనికి సెలవు లేదు, దానికో పేరూ లేదు. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అన్నమాట మాత్రం ఉంది.

వరండాలోంచి శాలేమురాజు గొంతు వినిపించింది. "అమ్మగారు కూడా చెప్పగలరాండీ?"

ఎబినేజర్ పెద్దగా నవ్వాడు. "దానికేం తెలుసండీ, కోళ్ళకి ఇన్ని గింజలేయడం తప్ప!"

స్టెల్లా చేతిలో పీచు ఆగిపోయింది. పరాయివాడన్నా దులుపుకుపోయేది. ఇప్పుడే తన గిన్నె చూసి వెళ్ళిన మనిషి ఆ మాట అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎబినేజర్ హుషారుగా ఉన్నాడు. "శనివారం బాపట్ల నుంచి కోళ్ళ పథకం చూసే వేదవతి మేడం వస్తున్నారు. పల్లెల్లో ఆడవాళ్ళకి కోళ్ళిస్తారంట. పెట్టా పుంజూ పోల్చుకోవడం వాళ్ళకి నేర్పే మనిషి కావాలంట. వారానికి రెండు రోజులు, మంగళవారం బాపట్లలో, శుక్రవారం తెనాలిలో. ఎవరో నా పేరు చెప్పారు."

"మీకు రాదుగా" అంది స్టెల్లా, చారు వడ్డిస్తూ.

"నువ్వు నాలుగు ముక్కలు కాగితం మీద రాసివ్వు. బట్టీ పట్టేస్తాను."

"నేనే వెళ్తే?"

అత్తగారు లక్ష్మమ్మ కంచంలోంచి తలెత్తింది. "తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడని ఊరికే అన్నారా అమ్మాయ్? వారానికి రెండు రోజులు ఊళ్ళు పట్టుకు తిరిగితే ఇక్కడ పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

ఎబినేజర్ జాలిగా నవ్వాడు. "నలుగురి ముందు నువ్వేం మాట్లాడతావే? సండే స్కూల్లో పిల్లలకి ఒక వాక్యం చెప్పమంటేనే గొంతు వణికింది."

వణికిన మాట నిజమే. పెళ్ళయిన మూడో నెలలో. అప్పుడు ముందు వరసలో కూర్చుని పకపకా నవ్వింది ఈయనే. ఆ తరవాత స్టెల్లాని ఎవరూ మాట్లాడమనలేదు, ఆమె అడగనూ లేదు. పప్పు రుబ్బుతూ, బట్టలు ఆరేస్తూ రెండు రోజులు అదే ఆలోచించింది. ఆడవాళ్ళకి నేర్పాలట. తనలాగే గంపలెత్తే ఆడవాళ్ళకి, వంద కోళ్ళు సాకినా అమ్మేవాడి ఒట్టు నమ్మి మోసపోయే ఆడవాళ్ళకి. వాళ్ళ ముందు నిలబడి తనకి తెలిసింది చెప్పాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోయింది. ఇంత గట్టిగా దేన్నయినా కోరుకుని ఎన్నేళ్ళయిందో. నోరుండగా ఇన్నాళ్ళూ గిన్నెలతో ఎందుకు మాట్లాడినట్టు అని తన మీద తనకే కోపం వచ్చింది. ఎబినేజర్ కాగితం సంగతి అడిగినప్పుడల్లా "చూద్దాం లెండి" అంటూ వచ్చింది.

శనివారం పది గంటలకి వేదవతి జీపు దిగింది. యాభై ఏళ్ళ మనిషి, నూలు చీర, చేతిలో నోటు పుస్తకం. డ్రైవరు గంప దించాడు. అందులో మూడు నెలల కోళ్ళు ఆరు, కాళ్ళకి నంబర్లు. ఎబినేజర్ మొదటిదాన్ని అందుకుని, "వెలుతుర్లో చూడాలండీ" అని పెరట్లోకొచ్చాడు.

స్టెల్లా బండ మీద ఊరికే కూర్చుని ఉంది.

"గిన్నె ఏదీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"తోమడం అయిపోయిందండి."

"ఏదో ఒకటి పెట్టవే!"

"అయిపోయిందన్నానుగా."

ఆయన గుడ్లురిమి చూశాడు. కేకలేద్దామంటే వరండాలో మనుషులు. చేసేది లేక వెనక్కి వెళ్ళి "పుంజండీ" అన్నాడు.

"ఎలా చెప్పారు సార్?" అంది వేదవతి.

"అనుభవమండీ."

"మీ అనుభవాన్ని నేను పల్లెలకి పంచిపెట్టలేను కదండీ. ఏం చూశారో చెప్పండి."

"అదే... తురాయి పెద్దదిగా ఉంది కదాండీ..."

స్టెల్లా లేచింది. చీర కుచ్చిళ్ళు సవరించుకుని వరండాలోకొచ్చింది.

"అది పుంజు కాదండి, పెట్ట" అని ఆయన చేతిలోంచి కోడిని తీసుకుంది.

"టీ సంగతి చూడు అమ్మాయ్" అంది లక్ష్మమ్మ, కుర్చీలోంచే.

"ఇది చెప్పేసి చూస్తానత్తయ్యా." గొంతు మొదట జీరబోయింది. కోడి నడుం మీద ఈకలు వేలితో విప్పేసరికి దారిలో పడింది. "తురాయి ఒక్కటే చూస్తే మోసపోతామండి. కొన్ని పెట్టలకీ ఇంతేసి ఉంటాయి. ఇక్కడ చూడండి, ఈక కొన గుండ్రంగా ఉంది. పుంజుకైతే ఈపాటికి సన్నంగా, మొన తేలి కిందకి జారుతుంది. కాలు చూడండి, ఎంత సన్నమో. ఇంకా చిన్నపిల్లలైతే ఈకతో తేలదండి. అప్పుడు కాలి లావూ, తురాయి ఎరుపూ కలిపి చూడాలి, వారమాగి మళ్ళీ చూడాలి. తొందరపడి చెప్పకూడదు."

మిగిలిన అయిదూ వరసగా చెప్పింది. వేదవతి ఒక్కో నంబరూ పుస్తకంలో ముందే రాసుకున్నదాంతో సరిచూసుకుంది. ఆరుకి ఆరూ సరిపోయాయి. ఆమె పుస్తకం మూసి స్టెల్లాని ఎగాదిగా చూసింది.

"బాగా చెబుతున్నారమ్మా. సార్ దగ్గరే నేర్చుకున్నారా?"

ఎబినేజర్ మొహంలోకి ప్రాణం వచ్చింది. "ఏదోనండీ, నన్ను చూసి చూసి అబ్బింది" అని నవ్వుతూ, ఊఁ అను అన్నట్టు పెళ్ళాం వైపు తల ఊపాడు.

అవునండి అంటే సరిపోతుంది. ఆయన పరువు నిలబడుతుంది, అత్తగారు సాధించదు, సాయంత్రం ఇల్లు చల్లగా ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్క మాటతోనే ఇల్లు చల్లగా ఉంచుతూ వచ్చింది.

"లేదండి" అంది స్టెల్లా. "ఆరేళ్ళుగా ఈయనకి నేనే చెబుతున్నానండి. ఈయనకింకా రాలేదు. మీ ఆడవాళ్ళకి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. మంగళవారం బాపట్లకి ఎన్నింటికి రమ్మంటారు?"