తెలుగు ప్రతి జతచేయడమైనది

నేను ఒక రబ్బరు స్టాంపును. ఎవరినీ తొందరపడి నమ్మను. నా ముఖం మీద చెక్కిన మాటలు ఇవి: "తెలుగు ప్రతి జతచేయడమైనది." ప్రతి నోటీసుతోనూ తెలుగు ప్రతి ఇవ్వాలని పైనుంచి ఆదేశం వచ్చిందట. ఆ ఆదేశం ఇంగ్లీషులో ఉంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

విజయనగరం వైపు ఒక భూసేకరణ ఆఫీసులో గుమాస్తా జోగారావు చేతిలో పడ్డాను. ఆయన మొదటిరోజు అనువాదానికి కూర్చున్నాడు పాపం. రెండో వాక్యం దగ్గర ఆగి టీకి వెళ్లాడు. ఆ తర్వాత పద్ధతి మార్చాడు. పొద్దున్నే నోటీసుల కట్టంతటికీ నన్ను గుద్దేసి, అనువాదం తీరిగ్గా చూద్దామనేవాడు. ఆరేళ్లయినా ఆ తీరిక రాలేదు.

ఒకరోజు పారమ్మ అనే ఆవిడ నోటీసు పట్టుకుని వచ్చింది. కొత్త రోడ్డు కోసం ఆమె జీడితోట తీసుకుంటున్నారు. అభ్యంతరం చెప్పడానికి ముప్పై రోజుల గడువు.

"గడువు దాటి నాలుగు రోజులైందమ్మా. ఇన్నాళ్లూ ఏం చేశావు?" అన్నాడు జోగారావు.

"తెలుగు కాయితం జతచేసినామని మీరే గుద్దినారు కద బాబూ. ఎనకాల టపాలో వస్తాదని సూస్తన్నాను."

"గడువు ఈ నోటీసులోనే ఉంది కదా!"

"ఆ ఇంగిలీసు నాను సదవగలిగితే మీ కాడికెందుకొస్తాను?"

ఆ కాగితం మీద ఆమె చదవగలిగిన తెలుగు ముక్క నేనొక్కదాన్నే. నన్ను నమ్మి తోట పోగొట్టుకోబోతోంది. నాకు సిగ్గేసింది.

పారమ్మ ఊరుకోలేదు. పై అధికారి దగ్గరకు వెళ్లి నా ముద్ర చూపించింది. ఆయన నన్ను తెప్పించి, తెల్లకాగితం మీద గుద్ది, రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చూశాడు. తెలుగు ప్రతి ఇచ్చిన రోజు నుంచే గడువు మొదలవుతుందని రాశాడు. జోగారావు రెండు రోజులు తంటాలుపడి మూడు పేజీలు అనువదించాడు. అది చదువుకుని పారమ్మ తన చేత్తోనే అభ్యంతరం రాసిచ్చింది. భూమి మళ్లీ కొలిచారు. రోడ్డు కాస్త పక్కకు జరిగింది, తోట నిలిచింది.

ఇకనైనా అనువాదాలు మొదలవుతాయని ఒక్క వారం నమ్మాను. నాదే తప్పు. వారం తిరిగేసరికి కొత్త స్టాంపు వచ్చింది: "కోరినచో తెలుగు ప్రతి ఇవ్వబడును." కోరడానికి ఒక ఫారం ఉందట. అది ఏ భాషలో ఉందో నేను అడగలేదు.

నన్ను ఎండిపోయిన జిగురు సీసా పక్కన సొరుగులో పడేశారు. సాయంత్రాలు ఆ కొత్తదాన్ని కూడా ఇందులోనే పెడతారు. నిన్న అది నన్ను అడిగింది: "ఇంతకీ తెలుగు ప్రతి అంటే ఎలా ఉంటుంది?"

"ఒక్కసారే చూశాను," అన్నాను. "పారమ్మ చేతిలో."