మయూర్-2కు మరో మూడేళ్లు

ఫోన్ ముసలిదైందని ఎవరు నిర్ణయిస్తారో చాలామందికి తెలియదు. దాన్ని చేతిలో పట్టుకున్నవాళ్లు కాదు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఏసీ చలికి స్వెటర్ వేసుకుని కూర్చున్న మాలాంటివాళ్లం నిర్ణయిస్తాం. అమ్మిన రోజు నుంచి నాలుగేళ్లు అప్డేట్లు ఇస్తాం, ఆ తర్వాత నీ దారి నీది, మా దారి మాది. ఫోన్ ఎప్పటిలాగే వెలుగుతుంది, మోగుతుంది. కానీ కొన్నాళ్లకు బ్యాంకు యాప్ తెరుచుకోనని మొండికేస్తుంది. ఇంకొన్నాళ్లకు దొంగలకు తలుపులు బార్లా తీసి పెడుతుంది. కొన్నవాళ్లు తమ ఖర్మ అనుకుని కొత్తది కొంటారు. ఖర్మ కాదు, మేం మీటింగులో తీసుకున్న నిర్ణయం.

నా పేరు జరీనా. మాది రాయచోటి. మా కంపెనీ చేసిన మయూర్-2 అనే చవక ఫోన్‌కు నెలనెలా అప్డేట్ పంపే పని నాది. మొదట్లో ఈ పనికి ఒక జట్టు ఉండేది. కొత్త మోడళ్లు వచ్చినకొద్దీ ఒక్కొక్కరూ అటు వెళ్లిపోయారు. ముసలి ఫోన్‌కు ముసలిదాన్ని కాపలా పెట్టారని నలభై రెండేళ్లకే జోకులు వేసేదాన్ని. వేశాక, నవ్వడానికి పక్క కుర్చీలో ఎవరూ లేరని గుర్తొచ్చేది.

ఇంటి దగ్గరా అంతే. అమ్మీ పోయాక రాయచోటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. మా అన్న రంజాన్‌కు ఒక పూల బొమ్మ పంపిస్తాడు, నేనూ తిరిగి ఒక పూల బొమ్మ పంపిస్తాను. సంవత్సరానికి సరిపడా బంధుత్వం అయిపోతుంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయటికొచ్చి, సోమవారం పొద్దున సెక్యూరిటీ గార్డుకు గుడ్ మార్నింగ్ చెప్పేటప్పుడు గొంతు పెగలక దగ్గాల్సి వచ్చేది. రెండు రోజులు వాడని గొంతు కదా.

నెలకు ఒక్క ఫోన్ కాల్ మాత్రం ఉండేది. అప్డేట్ పంపిన వారానికి, ఫోన్ వాడుతున్న మామూలు మనుషులకు కాల్ చేసి మంచిచెడ్డలు అడగాలని మా దగ్గర ఒక పద్ధతి. ఫోన్ కొత్తగా వచ్చినప్పుడు డ్రైవర్లకు, కాలేజీ పిల్లలకు, కూలి పనివాళ్లకు సగం ధరకే ఇచ్చి, బదులుగా నెలకోసారి మా ప్రశ్నలకు జవాబు చెప్పాలని మాట తీసుకున్నారు. కాలం గడిచేకొద్దీ అందరూ ఫోన్లు మార్చేశారు. చివరికి మిగిలింది ఒకే ఒక్కరు, సుంకమ్మ.

ఆమెది కళ్యాణదుర్గం వైపు. బిల్డింగు పనికి కూలీల ముఠాతో బెంగళూరు వచ్చింది. ఆనేకల్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ పని కోర్టు గొడవల్లో ఆగిపోతే ముఠా వేరేచోటికి వెళ్లిపోయింది, సుంకమ్మను మాత్రం అక్కడే కాపలాకు ఉంచారు. గోడలు లేవగానే ఆగిపోయిన ఆ ఇళ్ల మధ్య, రేకుల షెడ్డులో ఒక్కతే ఉంటుంది. ఇదంతా నేను అడిగి తెలుసుకున్నది కాదు, అడగకూడదు కూడా. కాల్ ఆఫీసు కంప్యూటర్ నుంచి వెళ్తుంది. ఆమె నంబరు నాకు కనబడదు, నాది ఆమెకు కనబడదు. ప్రతి మాటా రికార్డవుతుంది. సొంత విషయాలు మాట్లాడినా, నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నా ఉద్యోగం ఊడుతుంది. ఈ రూల్స్ అన్నీ నాకే, సుంకమ్మకు కాదు కదా!

"మేడం, అప్డేట్ తర్వాత ఫోన్ వేడెక్కుతోందా?" అని అడిగేదాన్ని.

"ఎండాకాలం గదమ్మా, నేనే వేడెక్కిపోతాండా. దానిదేముంది," అనేది. "నువ్వు తింటివా?"

"తిన్నాను మేడం. బ్యాటరీ ఎంతసేపు వస్తోంది?"

"పొద్దన పెడితే రాత్రిదాకా వస్తాది. ఏం తింటివి?"

"పప్పు అన్నం. యాప్‌లు అన్నీ తెరుచుకుంటున్నాయా?"

"తెరుసుకుంటాండాయి. కూలి దుడ్లు దాంట్లోనే పడ్తాయి. ఉత్త పప్పేనా, తాళింపన్నా పెట్టుకుంటివా లేదా? ఇంట్లో అందరూ బాగుండారా?"

"అందరూ బాగున్నారు," అనేదాన్ని. అందరూ అంటే ఒక కుక్కర్, ఒక మనీప్లాంట్.

పది నిమిషాల్లో అయిపోవాల్సిన కాల్ అరగంట సాగేది. షెడ్డు మీద కోతులు దూకిన కథ, హోసూరులో ఉన్న కూతురు రేణుక అత్తతో పడిన తగువు, అన్నీ వచ్చేవి. నేను 'ఫోన్ పనితీరు సంతృప్తికరం' అని టైప్ చేసేదాన్ని. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి నిజంగానే తాళింపు పెట్టుకునేదాన్ని.

మొన్న మార్చిలో మెయిల్ వచ్చింది. నాలుగేళ్లు నిండాయి కాబట్టి మయూర్-2కు అప్డేట్లు ఆపేస్తున్నాం, ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పవచ్చు అని. ఇలాంటి మెయిల్‌కు అభ్యంతరం చెప్పడమంటే పెళ్లిలో 'ఇంకేమైనా వడ్డించాలా' అని అడిగితే నిజంగానే చేపల పులుసు కావాలనడం లాంటిది. నేను అడిగాను.

మా మేనేజర్ మోహన్‌కుమార్ మంచివాడే. కాటన్‌పేటలో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న ఇంట్లో పుట్టాడు. ఏ సరుకును ఎప్పుడు వదిలించుకోవాలో పుట్టుకతోనే తెలుసు.

"ఎన్నేండ్లని ఇస్తామప్పా?" అన్నాడు. "చిప్ చేసేవాళ్లే చేతులెత్తేసినారు. ఆ ఫోన్‌కి మన దగ్గర ఉండేది నువ్వొక్కతే. నిన్ను కొత్త మోడల్ మీద వేస్తే నీకే మంచిది కదా. స్వల్ప ఆలోచించు."

"మా అమ్మ మిక్సీ పద్దెనిమిదేళ్లు తిరిగింది సార్. జారు పగిలితే జారు మార్చాం. ఇక నీ ఇంట్లో చట్నీ రుబ్బడానికి లేదని కంపెనీవాడెవడూ వచ్చి చెప్పలేదు."

"మిక్సీని ఎవరూ హ్యాక్ చేయరు కదప్పా."

"అందుకే కదా అడుగుతున్నది! గ్లాసు పగలకుండా చూసుకుంటే ఫోన్ ఏడేళ్లు బతుకుతుంది. అది బతికినన్నాళ్లూ కాపలా కాయాలి. నాలుగేళ్లకే చేతులు దులుపుకుంటామని డబ్బా మీద రాసి అమ్మామా? బాగున్న ఫోన్‌ను చెత్తలో వేయించి, మళ్లీ చెట్లు నాటుతున్న ఫోటోలు పెట్టుకుంటున్నాం."

నా గొంతు పెరిగింది. కోపం వస్తే నాకు ఒళ్లు తెలియదు. సుంకమ్మ జవాబులన్నీ ఆయన ముందు పెట్టాను. చూడండి, ఈమె రోజూ ఈ ఫోనే వాడుతోంది, కూలి డబ్బులు ఇందులోనే పడుతున్నాయి, బ్యాంకు యాప్ మూసుకుపోతే ఏం తినాలి అని నిలదీశాను. నేను చెప్పినదంతా సబబే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ గదిలో నేను కాపాడుకోవాలని చూసింది ఫోన్‌ను కాదు, ఆ అరగంటను. ఆ అరగంట పోతే ప్రపంచంలో నన్ను తిన్నావా అని అడిగేవాళ్లు ఉండరు.

మోహన్‌కుమార్ ఆ జవాబులు తిరగేశాడు. "ఒక ఫోన్ గురించి ఇంత కోపమేమిటికి జరీనా?" అన్నాడు.

"సూత్రం సార్," అన్నాను.

ఆయన పైవాళ్లతో పోట్లాడాడు. నెల తిరగకముందే మరో మూడేళ్లు ఇస్తామని ఒప్పుకున్నారు. మెయిల్‌లో నా పేరు రాసి మెచ్చుకున్నారు కూడా. ఆ సాయంత్రం బిరియాని తెచ్చుకుని, గెలిచిన సంగతి చెబుదామని ఫోన్ తీశాను. పేర్లు పై నుంచి కిందికి జరుపుతూ పోయాను. ప్లంబర్, గ్యాస్, ఇంటి ఓనరు, పాత ఆఫీసులో శ్రీజ. శ్రీజతో మాట్లాడి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. ఫోన్ పక్కన పెట్టి తిన్నాను. చల్లారిపోయింది.

మర్నాడు రెండో మెయిల్ వచ్చింది. పొడిగించిన మూడేళ్లలో అప్డేట్లు యంత్రమే పరీక్షించి పంపిస్తుంది, ఖర్చు తగ్గించడానికి వినియోగదారుల కాల్స్ రద్దు చేస్తున్నాం, జరీనా కొత్త మోడల్‌లో చేరాలి. ఈ నెల చేసే కాల్ ఆఖరుది. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు. నేనైతే మేనేజర్ చేత కూడా తవ్వించి మరీ పడ్డాను. అప్డేట్లు ఉంటే కాల్ ఉంటుందనే అనుకున్నాను తప్ప, ఆ రెంటినీ విడదీయవచ్చన్న ఊహే నాకు రాలేదు.

ఆఖరి కాల్ రోజున ప్రశ్నలు అడగకముందే చెప్పేశాను. "మేడం, ఇది ఆఖరి కాల్. మీ ఫోన్‌కు మాత్రం భయం లేదు. ఇంకో మూడేళ్లు అప్డేట్లు వస్తాయి."





"మూడేండ్లు వచ్చి ఏం చేసుకోవల్ల మా?" అంది సుంకమ్మ. "నేనది వాడేదే లేదు."

"వాడకపోవడమేంటి? బ్యాటరీ రాత్రిదాకా వస్తుందన్నారు. యాప్‌లు తెరుచుకుంటున్నాయన్నారు."

"పోయినేడు ఉగాదికి ముందే నా కూతురు కొత్త ఫోన్ కొనిచ్చింది. కూలి దుడ్లు దాంట్లోనే పడ్తాయి. నీ దాంట్లో పాత సిమ్ము ఏసి పెట్టెలో పెట్టినా. నువ్వు చేసే దినాలు వస్తానే తీసి చార్జింగు పెడ్తా. ఫోన్ మార్చినోళ్లకి మీరు చెయ్యరంట గదా? అందుకే చెప్పల్యా. ఈడ మాట్లాడేకి ఎవురుండారు చెప్పు? కోతులు తప్ప."

నాకు నవ్వొచ్చింది. ఆమె అబద్ధాలు నేను టైప్ చేశాను, ఆ టైపు చూపించి మోహన్‌కుమార్ పోట్లాడాడు, చివరికి ఒక రేకుల షెడ్డులో ట్రంకు పెట్టెకు మూడేళ్ల సెక్యూరిటీ దొరికింది. ఆ ఫోన్‌ను నిజంగా వాడేవాళ్లు ఊళ్లలో ఇంకా ఎంతోమంది ఉంటారు, వాళ్లకు మంచే జరిగింది. దేవుడి దయ.

"కాగితం ఉందా మేడం?" అన్నాను.

"ఏమిటికి?"

"నా నంబరు రాసుకోండి." కంప్యూటర్ మూలన రికార్డింగ్ ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. వింటే విననీ, ఉద్యోగం పీకితే పీకనీ అనుకున్నాను.

"నాకు అచ్చరాలు రావు, అంకెలు వస్తాయి. ఉండు, కొత్త ఫోన్లో కొట్టుకుంటా," అంది. నేను ఒక్కో అంకె గట్టిగా చెప్పాను. ఆమె ఒక్కోదాన్నీ తిరిగి చెప్పింది. తర్వాత ప్రశ్నలన్నిటికీ ఎదురుగా 'సంతృప్తికరం' అని టైప్ చేసి కాల్ ముగించాను.

ఆ రోజు ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. అంకె తప్పు కొట్టిందేమో, లేక ఆఫీసువాళ్లతో మనకెందుకులే అనుకుందేమో అని రకరకాలుగా అనుకున్నాను. రికార్డింగ్ గురించి కూడా ఎవరూ పిలిచి అడగలేదు. అంత కష్టపడి తప్పు చేస్తే వినే నాథుడే లేడు.

ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది.

"నేను మా, సుంకమ్మని."

"అక్కా!" అన్నాను. మేడం అన్న మాట నోటికి రాలేదు. అడగడానికి ప్రశ్నలు లేవు. ఆమే అడిగింది.

"ఇంట్లో ఎవురెవురుండారు మా?"

అందరూ బాగున్నారు అనబోయి ఆగాను.

"ఎవరూ లేరక్కా. నేనొక్కదాన్నే."

"ఎప్పుట్నించి?"

"చాలా ఏళ్లయింది."

"ఓసి నీ యవ్వారం కూలిపోనూ!" అని కసిరింది సుంకమ్మ. "నెలకోసారి అందురూ బాగుండారు, అందురూ బాగుండారు అంటాంటివి. సంసారం గల మనిషి, పని మధ్యలో నాకి చేస్తాందేమో, ఎక్కువసేపు పట్టుకోగూడదని నేను గమ్మున ఫోన్ పెట్టేస్తాంటి. ఈ మాట మొదట్నే చెప్పింటే ఏం పోయె నీది?"

ఆమె అరగంటకే గమ్మున పెట్టేసేదట. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. సుంకమ్మ ఫోన్ పెట్టలేదు. నా ఏడుపు అయ్యేదాకా అటువైపు ఊరికే కూర్చుంది.