మెత్తగా ఆగిన పిస్టన్

నమ్మి చెడినవారు లేరంటారు. ఆ మాట పుట్టించినవాడు ఒక్కరోజు కూడా మెకానిక్ షెడ్డులో కూర్చుని ఉండడు. ఇంజిన్ పట్టేసిందని బండి తోసుకొచ్చే ప్రతివాడూ "నేనేం చెయ్యలేదు, దానంతటదే ఆగిపోయింది" అనేవాడే.

ఆ ఉదయం ఆగిపోయింది మాత్రం మా ఇంటి బండే. మా చెల్లెలి డర్ట్ బైక్. పదకొండింటికి ఆమెకు సెలక్షన్ పోటీ. వయసు లెక్క ప్రకారం ఇదే ఆఖరి ఏడు, ఇది తప్పితే మరి లేదు. తొమ్మిదింటికి కిక్ కొడితే రాడ్డు కిందికి దిగలేదు.

నా అనుమానం నేరుగా బావ మీదికి పోయింది. నిన్న సాయంత్రం ఒక చుట్టు తిరిగొస్తానని బండి తీసుకెళ్ళింది చెల్లెలి మొగుడైన ఆయనే. ఈ చిన్న ఇంజిన్‌కి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పొయ్యాలి. లేకపోతే పిస్టన్ కాగిపోయి సిలిండర్‌కి అతుక్కుంటుంది. బావకి స్పానర్‌కీ గరిటెకీ తేడా తెలియదు.

"ఉత్త పెట్రోల్ పోశావు కదా?" అన్నాను.

"అసలు పొయ్యనే లేదు. మీ చెల్లెలి మీద ఒట్టు."

"ఒట్టు నేనడగలేదే." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదేననుకున్నాను.

చెల్లెలు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. నాన్న కుర్చీలో పేపరు చదువుతున్నాడు. మా ఇద్దరికీ పని నేర్పిన మనిషి, ఒక్కసారైనా లేచి వంగి చూడలేదు. వయసు మీద పడిందనుకున్నాను.

ట్యాంకులోంచి రెండు చుక్కలు తీసి వేళ్ళ మధ్య రుద్దాను. జిడ్డుగా ఉంది, ఆయిల్ కలిసే ఉంది. అయినా బావ మీద అనుమానం పోలేదు. గేరు వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఆడించాను. పట్టేసిన పిస్టనైతే కదలకూడదు. ఇది కదిలి, పైకొచ్చేసరికి ప్రతిసారీ ఒకే చోట ఆగుతోంది. అదీ మెత్తగా. సిలిండర్ పైనున్న స్పార్క్ ప్లగ్ విప్పాను. పిస్టన్ గీసుకుపోయి ఉంటే ప్లగ్ కొసకు వెండిరంగు రజను అంటాలి. ఇది శుభ్రంగా ఉంది. ప్లగ్ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే లోపల నూలు తాడు.

ఫ్లైవీల్ నట్టు విప్పేటప్పుడు ఇంజిన్ తిరగకుండా సిలిండర్లోకి తాడు దూర్చడం మా పనిలో పాత పద్ధతి. లోపల గీతయినా పడదు. తేలిగ్గా లాగడానికి కొస పైకే వదిలి ఉంది. బండి ఆగాలి గానీ ఇంజిన్ చెడకూడదనుకున్న చెయ్యి అది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనూ పట్టుకోకుండా ఉంటే బాగుండేదనిపించింది.

తాడు బయటికి లాగాను. బావ దాన్ని చూశాడు, తర్వాత నాన్నను చూశాడు.

"నేనే పెట్టాను," అన్నాడు.

"ప్లగ్ ఎటు తిప్పితే ఊడుతుందో నీకు తెలుసా?" అంది చెల్లెలు. ఆమె వెళ్ళి నాన్న ఎదురుగా నిలబడింది.

నాన్న పేపరు దించాడు. "పోయిన నెల నువ్వు పడ్డప్పుడు, కళ్ళు తెరిచేదాకా లెక్కపెట్టానమ్మా. నలభై దాకా వచ్చింది. ఇంకోసారి లెక్కపెట్టడం నా వల్ల కాదు."

చెల్లెలు ఏడవలేదు, అరవలేదు. ప్లగ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నువ్వే బిగించు నాన్నా. టైమవుతోంది."

నాన్న వంగి బిగించాడు. చేతులు తుడుచుకుని పక్కకు జరిగాడు. అప్పుడు నేను స్పానర్ తీసుకుని ప్లగ్‌ను మళ్ళీ తిప్పి చూశాను. ఆయన బిగించినదాన్ని సరిచూడటం నా జన్మలో అదే మొదటిసారి. గట్టిగానే ఉంది.

నాన్న నా చేతినే చూస్తున్నాడు.