మా గుమ్మం ముందు రైలెందుకు ఆగింది

మా ఇల్లు ఒకప్పుడు రైల్వే స్టేషను. టికెట్లమ్మిన గది ఇప్పుడు నా వంటగది. అన్నం కంచాలు ఆ చిన్న కిటికీలోంచే అందిస్తాను. మావారు అవతల నిలబడి చెయ్యి చాపినప్పుడల్లా "చిల్లరుందా?" అని అడగాలనిపిస్తుంది. మా పడగ్గది వెయిటింగ్ రూము. అందుకేనేమో, అందులో పడుకుంటే ఏదో రావాల్సి ఉన్నట్టే ఉంటుంది, నిద్ర మాత్రం రాదు.

బస్సులు ఎక్కువయ్యాక రైలెక్కేవాళ్ళు కరువై స్టేషను మూసేశారు. పట్టాలు పీక్కుపోయారు. ఆఖరి స్టేషను మాస్టరు మా మామగారే కాబట్టి భవనాన్ని ఆయనకే అద్దెకిచ్చారు. ఇప్పుడు దాన్ని పడగొట్టి కార్లు నిలుపుకునే స్థలం చేస్తారట. పాత కట్టడాల ఆఫీసరమ్మ వచ్చి చూసి, చెప్పుకోదగ్గ చరిత్ర ఉందంటేనే ఉంచుతారు. లేదంటే మేమంతా మూటాముల్లె సర్దుకుని మా ఆడపడుచు ఇంటి మేడమీది గదికి పోవాలి. మా ఆడపడుచు చాలా మంచిది. ఆ సంగతి మనం మరిచిపోకుండా రోజూ గుర్తుచేస్తుంది కూడా.

"చరిత్రకేం కొదవ? ఇదిగో చరిత్ర!" అని మామగారు కుడిచెయ్యి పైకెత్తారు.

ఆ చేతి కథ వినకుండా మా ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా తాగలేదు. అప్పట్లో ఇక్కడ స్టేషను లేదు. మామగారు పట్టాల కాపలాదారు. పట్టాల పక్కన రేకుల గదిలో కాపురం. రైలు ఆగకుండా పోయేది. ఒకరోజు పొద్దున్న ఆయన చెయ్యెత్తారు. రైలాగింది! బస్సు కోసం పడిగాపులు కాస్తున్న జనం పరుగెత్తుకొచ్చి ఎక్కారు. మర్నాడూ ఎత్తారు, మర్నాడూ ఆగింది. చివరికి పైవాళ్ళే దిగొచ్చి ప్లాట్‌ఫారం కట్టి, ఆయన్ని మాస్టర్ని చేశారు.

అన్నరోజుకి వచ్చిన ఆఫీసరమ్మ ఈ కథంతా ఓపిగ్గా విని, పెన్నుకు మూత పెట్టేసింది. మూత టక్కుమన్న చప్పుడుకి నాకు ఆడపడుచు మేడమెట్లు కళ్ళకు కట్టాయి.

"బాబాయిగారూ, చెయ్యెత్తితే బస్సులే ఆగవండీ."

"ఆగింది! నేను చూశాను."

"ఆధారం ఏదైనా ఉందా? ఒక వస్తువు?"

మామగారు మళ్ళీ చెయ్యెత్తారు.

"దాన్ని గాజుపెట్టెలో పెట్టలేం కదండీ," అంటూ ఆవిడ సంచీ సర్దుకుని లేచింది.

అంతవరకూ నోరు విప్పని అత్తగారు, బల్లమీద టీ మరక తుడుస్తున్న నాకేసి చూశారు. "అమ్మాయ్, ఆ మసిగుడ్డ ఇలా తే."

ఇచ్చాను. ఆవిడ దాన్ని దులిపి, అంచు మడత విప్పి చూపించారు. గుడ్డంతా వెలిసిపోయినా మడత లోపల మాత్రం మందారంలాంటి ఎరుపు మిగిలి ఉంది.

"కూర్చో తల్లీ. ఇది దుప్పటి ముక్క. మావాడు పక్క తడపని రాత్రి లేదు" అని గడ్డంతో మావారిని చూపించారు. "పొద్దున్నే ఉతికి పట్టాల పక్క తీగమీద ఆరేశాను. ఎర్రగుడ్డ కనబడితే ఏ డ్రైవరు ఆపడు?"

"మరి నా చెయ్యి?" అన్నారు మామగారు.

"మీరు టాటా చెప్పడానికి రోజూ ఎత్తేవారు కదండీ. ఆ రోజే ఎందుకాగిందో ఎప్పుడైనా ఆలోచించారా? డ్రైవరు ఇంటెనక్కొచ్చి నన్ను చెడామడా తిట్టాడు. టీ ఇచ్చాను. తిట్టడం మానేశాడు."

"మర్నాడూ ఆరేశారా?" ఆఫీసరమ్మ మెల్లగా కూర్చుంది.

"తీసేద్దామనే అనుకున్నానమ్మా. ఈయనేమో అప్పటికే ఊరంతా చాటుకొచ్చి, పెళ్ళికొడుకులా తల దువ్వుకుంటున్నారు. ఆ ముఖం చూసి ఎలా తీయను? వీడు పొడిగా లేచిన రోజున కూడా నేనే తడిపి ఆరేశాను."

"అంటే నేను రోజూ తడపలేదన్నమాట!" మావారి గొంతులో ఇన్నేళ్ళ కేసు కొట్టేసినంత సంతోషం.

"ఎప్పుడో ఒకటీ అరా రోజు మానేవాడివిలే."

ఆఫీసరమ్మ సంచీలో ముఖం దాచుకుని నవ్వింది. నవ్వి నవ్వి, పెన్ను మూత తీసింది. "నేను చూసిన ప్రతి స్టేషన్లోనూ ఎవరో ఒక మహానుభావుడు దిగాడండీ. పక్క తడిపినవాడు ఒక్కడూ లేడు. ఇది ఉంచాల్సిందే."

ఇల్లు నిలబడింది. కానీ మామగారు నీరుగారిపోయారు. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలియనట్టు మోకాలిమీద పెట్టుకున్నారు. మసిగుడ్డ అందుకుని అటూ ఇటూ తిప్పారు. ఉన్నట్టుండి తలెత్తారు.

"ఏమేవ్, ఈ దుప్పటి కొన్నదెవరు?"

అత్తగారు నోరు తెరిచారు. మూశారు. "మీరేనండీ."

"రాసుకోండమ్మా," అంటూ మామగారు నిటారుగా లేచి నిలబడ్డారు. "నేను దుప్పటి కొన్నాను. రైలాగింది."

తర్వాత వంటగదిలో అడిగాను: "నిజంగా మామయ్యగారే కొన్నారా అత్తయ్యా?"

"మా అమ్మ పెట్టింది," అన్నారావిడ కప్పులు కడుగుతూ. "ఈ మాట ఆ కిటికీ దాటిందో, చూడు నీ సంగతి!"

ఇప్పుడు మా ముందుగదిలో గాజుపెట్టె ఉంది. అందులో నా మసిగుడ్డ ఉంది. అంత బాగా మరకలు పీల్చే గుడ్డ మళ్ళీ దొరకలేదు. పక్కన పలక మీద తన పేరు లేకుండా "ఒక పసివాడు" అనే రాయించుకున్నారు మావారు, ఆఫీసరమ్మను బతిమాలి. ఏం లాభం? చూడ్డానికొచ్చిన ప్రతి గుంపుకీ మామగారు దుప్పటి ఏరికోరి కొన్న వైనమంతా చెప్పి, "ఆ పసివాడు వీడే!" అని వెనక్కి తిరిగి చూపిస్తారు.

మావారు ఆ వేళకు కూరగాయలకని బయల్దేరతారు. మా ఇంట్లో ఇప్పుడు కూరగాయలకు బొత్తిగా లోటు లేదు.